250 ఓంల హెడ్‌ఫోన్‌కు ఎనిమిది వేలలో డాక్, ఆంప్: ఏది అవసరం, ఎంత అవసరం?

కాకినాడ శ్రోత:
అందరికీ నమస్కారం. నా దగ్గర బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో హెడ్‌ఫోన్, 250 ఓంల రకం ఉంది. ఇన్నాళ్లూ దాన్ని ల్యాప్‌టాప్ జాక్‌కే తగిలించి వింటున్నాను. కొత్త సినిమా పాటలు పెట్టినప్పుడు వాల్యూమ్ డెబ్బై దాటించాల్సిన అవసరం రావడం లేదు. పాత రేడియో కచేరీల్లోని వీణ గానీ, వయొలిన్ గానీ పెడితే మాత్రం నూటికి నూరు పెట్టినా పక్కింట్లో వాయిస్తున్నట్టే ఉంటోంది. పైగా ఆ నెమ్మది భాగాల్లో మౌస్ చక్రం తిప్పినప్పుడల్లా సన్నగా కీచుమనే శబ్దం వినిపిస్తోంది. దుకాణంలో అడిగితే 32 బిట్, 768 కిలోహెర్ట్జ్ అని పెట్టె మీద రాసి ఉన్న డాక్, అంటే డిజిటల్ పాటను విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం తీసుకోమన్నారు. నేను ఎనిమిది వేల రూపాయల వరకు పెట్టగలను. నాకు కావలసింది డాకా, ఆ సంకేతాన్ని బలపరిచే ఆంపా, రెండూనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

కోఠి సోల్డరు:
మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. ధ్వని చాలకపోవడం ఆంప్‌కు సంబంధించినది, కీచు శబ్దం ల్యాప్‌టాప్ లోపలి రొదకు సంబంధించినది. పెట్టె మీద రాసిన 768 కిలోహెర్ట్జ్‌కు ఈ రెండింటితోనూ సంబంధం లేదు.

ముందు లెక్క చూద్దాం. డీటీ 990 ప్రోకు తయారీదారు ఇచ్చిన సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన విద్యుత్తుకు ఎంత ధ్వని వస్తుందన్న కొలత, ఒక మిల్లీవాట్‌కు 96 డెసిబెల్‌లు. సాధారణ ల్యాప్‌టాప్ జాక్ ఒక వోల్ట్ ఇస్తుందనుకోండి. 250 ఓంల మీద ఒక వోల్ట్ అంటే 4 మిల్లీవాట్లు, కాబట్టి పాటలోని అతి పెద్ద క్షణం 102 డెసిబెల్‌ల దగ్గర ఆగిపోతుంది. శాస్త్రీయ సంగీతంలోని ఎగుడుదిగుడులు హాయిగా పట్టాలంటే 110 డెసిబెల్‌ల వరకు జాగా ఉండాలన్నది నా మతం. దానికి 25 మిల్లీవాట్లు, అంటే 2.5 వోల్ట్‌లు కావాలి. గమనించవలసిందేమిటంటే, ఆ స్థాయిలో కూడా కరెంటు 10 మిల్లీయాంపులే. మీ హెడ్‌ఫోన్‌కు కావలసింది వోల్టేజి. అదే హైఫైమాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ లాంటి ప్లేనార్ (చదునైన పలుచని పొరతో పనిచేసే) రకం, సుమారు 25 ఓంలు, 91 డెసిబెల్‌లది తీసుకుంటే, అదే 110 డెసిబెల్‌లకు 1.4 వోల్ట్‌లు సరిపోతాయి గానీ కరెంటు మాత్రం 56 మిల్లీయాంపులు కావాలి. అందువల్ల "32 ఓంల వద్ద ఇన్ని వందల మిల్లీవాట్లు" అని పెట్టె మీద ముద్రించిన అంకె ఆ ప్లేనార్ కొన్నవాడికి పనికొస్తుంది గానీ మీకు దాదాపు ఏమీ చెప్పదు. మీరు చూడవలసింది 250 లేదా 300 ఓంల వద్ద ఎన్ని వోల్ట్‌లు ఇస్తుందన్నది. అది రాయని పరికరాన్ని నేనైతే కొనను.

తంబుర:
సోల్డరు గారి లెక్కకు సంగీతం వైపు నుంచి ఒక మాట కలుపుతాను. కొత్త సినిమా పాటను మాస్టరింగ్ అనే చివరి దశలో బాగా నొక్కి, సగటు స్థాయిని గరిష్ఠ స్థాయికి తొమ్మిది పది డెసిబెల్‌ల దూరంలోకి తెచ్చేస్తారు. పాత కచేరీ రికార్డింగులో ఆ దూరం ఇరవై అయిదు డెసిబెల్‌ల వరకు ఉండవచ్చు, ఎందుకంటే మృదంగం దెబ్బ ఒక్కటి పైకి లేస్తుంది, వీణ అంతా కింద ఉంటుంది. మీ ల్యాప్‌టాప్ ఇచ్చే 102 నుంచి తీసివేసి చూడండి. సినిమా పాట 93 దగ్గర మోగుతుంది, కచేరీ 77 దగ్గర వినిపిస్తుంది. పైన పంకా తిరుగుతుండగా, చెవులను మూయని ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్‌లో 77 డెసిబెల్‌ల వీణ అంటే తీగ మీటు తెలుస్తుంది గానీ ఆ తర్వాతి గమకం పంకా గాలిలో కలిసిపోతుంది. ఇందులో మీ చెవుల దోషమేమీ లేదు.

అయితే ఆంప్ వచ్చాక ఒక జాగ్రత్త పాటించండి. కచేరీ కోసం నాబ్ పైకి తిప్పి, దాని వెనకే సినిమా పాట వచ్చేలా జాబితా పెట్టుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పే హద్దు 80 డెసిబెల్‌ల వద్ద వారానికి 40 గంటలు. ధ్వని మూడు డెసిబెల్‌లు పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగానికి తగ్గుతాయి. పాట పాటకూ స్థాయిని సరిచేసే రీప్లేగెయిన్ అనే సదుపాయం చాలా ప్లేయర్లలో ఉంది, దాన్ని వాడుకోండి.

768 కిలోహెర్ట్జ్ విషయం ఒక్క ముక్కలో చెబుతాను. టేపు మీద రికార్డయి, టేపు బుసతో సహా మన దాకా వచ్చిన కచేరీకి సీడీ ప్రమాణమైన 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ ధారాళంగా చాలు.

కాకినాడ శ్రోత:
ఇద్దరికీ కృతజ్ఞతలు. సినిమా పాట, కచేరీల తేడా ఇంత స్పష్టంగా లెక్కకు వస్తుందనుకోలేదు. ఆన్‌లైన్‌లో వేలెడంత డాంగిల్స్ (యూఎస్‌బీకి తగిలించే చిన్న డాక్, ఆంప్‌లు) చాలా కనిపిస్తున్నాయి. 4.4 మిల్లీమీటర్ల బ్యాలెన్స్‌డ్ జాక్ నుంచి నాలుగు వోల్ట్‌లు ఇస్తాయని రాస్తున్నారు. 2.5 చాలన్నప్పుడు నాలుగు వస్తే ఇంకేం కావాలి? అదీగాక మా మేనమామ డల్లాస్ నుంచి వచ్చే నెల వస్తున్నారు. అక్కడ వంద డాలర్లకు దొరికే ఆంప్‌లు మంచివంటున్నారు కదా, వాటిలో ఒకటి తెప్పించుకోవచ్చా?

డల్లాస్ నుంచి:
మీ మేనమామ గారి ఊళ్లోనే ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పవచ్చు.

మొదటిది నాలుగు వోల్ట్‌ల సంగతి. బ్యాలెన్స్‌డ్ జాక్ నుంచి ఆ నాలుగూ రావాలంటే కుడి, ఎడమ స్పీకర్లకు విడివిడిగా రెండేసి తీగలు, మొత్తం నాలుగు తీగలు హెడ్‌ఫోన్ దాకా వెళ్లాలి. డీటీ 990 ప్రోకు ఉన్నది ఊడదీయడానికి వీలులేని చుట్టల తీగ, అందులో రెండు వైపులకూ నేల తీగ ఒక్కటే. విప్పి, కొత్త తీగ వేసి, సోల్డర్ చేస్తే తప్ప మీకు 4.4 జాక్ ఉపయోగపడదు. 4.4 నుంచి 3.5కు మార్చే అడాప్టర్ పెడితే డాంగిల్ లోపలి కుడి, ఎడమ ఆంప్‌ల రుణ కొసలూ ఒకదానితో ఒకటి కలిసిపోయి డాంగిల్ దెబ్బతినే ప్రమాదం ఉంది, ఆ పని మాత్రం చేయకండి. అదే డాంగిల్‌లోని 3.5 జాక్ సాధారణంగా రెండు వోల్ట్‌లు ఇస్తుంది. అంటే 16 మిల్లీవాట్లు, 108 డెసిబెల్‌లు. సోల్డరు గారు పెట్టిన గీతకు రెండు డెసిబెల్‌లే తక్కువ. అందువల్ల మీ అవసరం చాలా వరకు మామూలు డాంగిల్‌తోనే తీరవచ్చు. ఆపిల్ వారి చిన్న యూఎస్‌బీ-సీ డాంగిల్‌ను చాలామంది మెచ్చుకుంటారు. కొలతల్లో అది నిజంగా శుభ్రమైనదే గానీ ఇచ్చేది ఒక వోల్టే. ఐరోపాలో అమ్మే రకం అందులో సగమే ఇస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్లకు తగిలిస్తే ధ్వని ఇంకా తగ్గడం కూడా తెలిసిన విషయమే. ఇయర్‌ఫోన్లకు అది బంగారం, మీ 250 ఓంలకు కాదు.

రెండవది తెప్పించుకునే సంగతి. ఇక్కడ దొరికే షీట్ మాగ్నీ, జేడీఎస్ ల్యాబ్స్ ఆటమ్ రెండూ చక్కటి ఆంప్‌లు, మీ హెడ్‌ఫోన్‌కు కావలసినదానికంటే ఎక్కువే ఇస్తాయి. అయితే వాటితో వచ్చే గోడ అడాప్టర్ ఏసీని ఏసీగానే తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ రకం. ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద ఉన్నట్టు 100 నుంచి 240 వోల్ట్‌ల దాకా దేనికైనా సరిపోతుందని దాని మీద రాసి ఉండదు. అమెరికా రకాన్ని కాకినాడలో 230 వోల్ట్‌ల ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. అందుబాటులో ఉన్న డీసీ అడాప్టర్ తగిలిద్దామంటే, అలాంటి ఆంప్ దానితో పనిచేయదు. 230 వోల్ట్‌ల రకాన్ని విడిగా ఆర్డర్ చేసి తెప్పించే ఓపిక ఉంటేనే మామయ్య గారిని ఇబ్బంది పెట్టండి.

వాల్వు వెలుగు:
అందరూ వోల్ట్‌ల గురించే మాట్లాడుతున్నారు. నేను 300 ఓంల సెన్‌హైసర్ హెచ్‌డీ 600ను ట్రాన్సిస్టర్ ఆంప్‌తోనూ విన్నాను, పాత రేడియోల్లోలాంటి గాజు వాల్వుల ఆంప్‌తోనూ విన్నాను. గొంతు నిండుదనం, తక్కువ స్వరాల బరువు వాల్వుల్లోనే ఎక్కువ. కొలతల పట్టికలో రెండో ఆంప్‌కే తక్కువ మార్కులు వస్తాయి, అయినా చెవికి ఇంపైనది అదే. సంగీతాన్ని మల్టీమీటర్‌తో వినగలమా?

కోఠి సోల్డరు:
వాల్వు గారూ, మీరు విన్నది భ్రమ అని నేను అనను. అది అంకెల్లోనూ కనిపిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని వాల్వు ఆంప్‌ల ఔట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే ఆంప్ లోపలే ఉండే నిరోధం, తరచు వంద ఓంలకు అటూ ఇటూగా ఉంటుంది. హెచ్‌డీ 600 పేరుకు 300 ఓంలే అయినా, తక్కువ స్వరాల దగ్గర ఒకచోట దాని ఇంపెడెన్స్ సుమారు 500కు లేస్తుంది. ఆంప్‌లో వంద ఓంలు కూర్చుంటే, 300 ఉన్నచోట హెడ్‌ఫోన్‌కు వోల్టేజిలో 75 శాతం, 500 ఉన్నచోట 83 శాతం చేరుతుంది. ఆ తేడా దాదాపు ఒక డెసిబెల్, వెడల్పుగా, సరిగ్గా మగ గొంతు కింది అంచున. మీరు మెచ్చిన బరువు అదే. మీకు నచ్చితే అలాగే వినండి, అందులో తప్పేమీ లేదు. కానీ అదే ఆంప్‌కు పదహారు ఓంల ఇయర్‌ఫోన్ తగిలిస్తే దాని స్వరూపమే మారిపోతుంది. అందుకే ఔట్‌పుట్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్‌దానిలో ఎనిమిదో వంతుకు మించకూడదనే నియమం వచ్చింది.

ఆ నియమాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చినవారిలో ఎన్‌డబ్ల్యూఏవీగయ్ అనే మారుపేరుతో రాసిన ఒక ఇంజినీరు ముఖ్యుడు. అసలు పేరు బయటపెట్టకుండానే 2011లో ఓ2 అనే హెడ్‌ఫోన్ ఆంప్ నమూనాను, దాని సర్క్యూట్‌తో, కొలతలతో సహా అందరికీ ఉచితంగా ఇచ్చాడు. 2012లో దానికి తోడు డాక్‌ను కూడా తెచ్చి, ఆ ఏడాదే రాయడం మానేశాడు. మళ్లీ ఎవరికీ కనిపించలేదు. ఓ2 చేతిలో పడితే తెలుస్తుంది అతని పట్టుదల. ఒక్కో వైపుకు ఒక మామూలు ఎన్‌జేఎం4556 చిప్పు పెట్టి, దానిలోని రెండు ఆంప్‌లనూ జతచేసి, అర ఓం ఔట్‌పుట్ ఇంపెడెన్స్‌తో, గోడ కరెంటు మీద సుమారు ఏడు వోల్ట్‌ల దాకా రాబట్టాడు. నేను కోఠి గుజరాతీ గల్లీలో సరుకు ఏరుకుని ఒకటి కూర్చాను. రెసిస్టర్లు, కెపాసిటర్లు ఇట్టే దొరికాయి. 12 నుంచి 20 వోల్ట్‌ల ఏసీ ఇచ్చే అడాప్టర్ కోసమే దుకాణం దుకాణం తిరగాల్సి వచ్చింది, ఎందుకంటే ఎవరిని అడిగినా డీసీదే చేతిలో పెడతారు. డల్లాస్ గారు చెప్పిన చిక్కు ఇదే.

ఇక మల్టీమీటర్‌తో సంగీతం వినలేం, నిజమే. కానీ రెండు ఆంప్‌లను పోల్చేటప్పుడు అది లేకపోతే పోలికే కాదు. 50 హెర్ట్జ్ సైన్ తరంగం పెట్టి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే ప్లగ్గు దగ్గర ఏసీ వోల్ట్‌లు చూడండి. చవక మీటర్లు కూడా ఆ పౌనఃపున్యం దగ్గర సరిగ్గానే చూపిస్తాయి. ఒకటి 0.500, రెండోది 0.530 చూపిస్తే తేడా అర డెసిబెల్. అది చెవికి "పెద్దగా ఉంది" అని తోచదు, "స్పష్టంగా ఉంది, నిండుగా ఉంది" అని తోస్తుంది. నాబ్‌ను కంటితో ఒకే చోట పెట్టి పోల్చిన పోలికలన్నీ ఇందుకే చెల్లవు.

వాల్వు వెలుగు:
మీ లెక్క ఒప్పుకుంటాను. అయినా ఆ ఒక్క డెసిబెల్ నాకు కావలసిన చోటే పడుతోంది కాబట్టి ఆంప్ మార్చే ఉద్దేశం లేదు. కాకినాడ గారికి మాత్రం ఎనిమిది వేలలో వాల్వుల జోలికి పోవద్దనే చెబుతాను. ఆ ధరలో వాల్వు అలంకారానికి ఉంటుంది, పని మొత్తం వెనకనున్న చిప్పే చేస్తుంది.

విశాఖ సమతూకం:
డీటీ 990 విషయంలో ఎవరూ ప్రస్తావించని సంగతి ఒకటుంది. ఎనిమిది కిలోహెర్ట్జ్ ప్రాంతంలో దానికి లేచే పదును ఏ ఆంప్‌తోనూ, ఏ డాక్‌తోనూ పోదు. తాళాల చప్పుడు, "స", "ష" అక్షరాలు చెవిలో గుచ్చుకుంటున్నట్టుంటే దానికి మందు ఒక్కో పౌనఃపున్య పట్టీని విడిగా పెంచి తగ్గించే ఈక్వలైజరే. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ రెండూ ఖర్చు లేకుండా దొరుకుతాయి. కొలిచిన హెడ్‌ఫోన్లకు ఆటోఈక్యూ అనే ఉచిత ప్రాజెక్టు ఇచ్చే అమరికలు వాటిలో నేరుగా పనిచేస్తాయి.

అయితే సోల్డరు గారి లెక్కలోకి ఇది కూడా చేరాలి. ఈక్వలైజర్‌లో ఏ పట్టీనైనా అయిదు డెసిబెల్‌లు పెంచితే, డిజిటల్ సంకేతం హద్దు దాటి పగలకుండా మొత్తం స్థాయిని అయిదు డెసిబెల్‌లు ముందే దించాలి. ఆ దించిన అయిదూ తిరిగి ఆంప్ ఇవ్వాలి, అంటే వోల్టేజి 1.8 రెట్లు కావాలి. డాంగిల్ ఇచ్చే 108 ఆచరణలో 103 అవుతుంది, మళ్లీ ల్యాప్‌టాప్ జాక్ దగ్గరికే వచ్చినట్టు. కాబట్టి ఈక్వలైజర్ వాడే ఉద్దేశం ఉంటే 2.5 కాదు, 4 వోల్ట్‌లకు పైగా మామూలు 6.35 మిల్లీమీటర్ల జాక్ నుంచే ఇచ్చే బల్ల మీది ఆంప్ చూసుకోవాలి. నా దృష్టిలో డబ్బు పెట్టవలసిన అసలు కారణం ఇదొక్కటే. డాక్ చిప్పు ఏకేఎందా, ఈఎస్ఎస్‌దా అన్న చర్చకు ఈ ధరలో అర్థం లేదు. 2020 అక్టోబరులో జపాన్‌లోని నోబెయోకాలో ఏకేఎం కర్మాగారం కాలిపోయినప్పుడు ఫియో లాంటి సంస్థలు కే5 ప్రో వంటి పరికరాల్లో చిప్పు మార్చేశాయి. పెట్టె మీది పేరు చూడకుండా, సమాన స్థాయిలో వినిపిస్తే పాతదేదో కొత్తదేదో చెప్పగలవారు అరుదు.

కాకినాడ శ్రోత:
ఈక్వలైజర్ ఈ రోజే పెట్టి చూశాను. ఆ పదును తగ్గించగానే వయొలిన్ విల్లు గీరుడు నిజంగానే మెత్తబడింది. అయితే ధ్వని ఇంకా పడిపోయింది, సమతూకం గారు చెప్పినట్టే. కాబట్టి బల్ల మీది ఆంపే తీసుకుంటాను. కీచు శబ్దం మాత్రం మిగిలింది. ఇంకో విషయం గమనించాను. ఛార్జర్ తీసేస్తే ఆ శబ్దం బాగా తగ్గుతోంది, కరెంటు పోయి ఇన్వర్టర్ వచ్చినప్పుడు గుయ్యిమని కొత్త శబ్దం తోడవుతోంది. ఛార్జింగులో ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ ఇనుప అంచు తాకితే వేలికి జివ్వుమంటుంది కూడా. కొత్త పరికరం వచ్చాక ఇవి దానిలోకి కూడా వస్తాయా?

కోఠి సోల్డరు:
కీచు శబ్దం ల్యాప్‌టాప్ లోపల మదర్‌బోర్డు మీద పుడుతుంది. డాక్ బయటికి వెళ్లగానే చాలా వరకు పోతుంది. పూర్తిగా పోకపోతే ముందు వేరే యూఎస్‌బీ పోర్టు ప్రయత్నించండి, ఛార్జర్ గుచ్చే వైపుకు ఎదురు వైపున్న పోర్టు అయితే మేలు.

వేలికి జివ్వుమనడం రెండు పిన్నుల ఛార్జర్లలో మామూలే. లోపలి కెపాసిటర్ నుంచి కారే అతి స్వల్పమైన కరెంటు అది, ఎర్త్ లేక మీ వేలిని వెతుక్కుంటుంది. మూడు పిన్నుల ఛార్జర్, నిజంగా పనిచేసే ఎర్తింగ్ ఉంటే పోతుంది. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా వెనక ఎర్త్ తీగ ఉండకపోవచ్చు, ఎలక్ట్రీషియన్‌తో టెస్ట్ ల్యాంపు పెట్టించి చూడండి. లైనుకు, ఎర్త్‌కు మధ్య పెట్టిన బల్బు నిండుగా వెలగాలి. కొందరు రొద పోవడానికి మూడో పిన్ను విరిచేయమని సలహా ఇస్తారు. ప్రాణాల మీదికి తెచ్చే సలహా అది.

ఇన్వర్టర్ గుయ్యిమనడానికి కారణం అది చదరపు తరంగం ఇచ్చే రకం కావడం. కరెంటు లేనప్పుడు ఛార్జర్ తీసి బ్యాటరీ మీద వినండి, అంతకంటే చవకైన మందు లేదు. సైన్ వేవ్ ఇన్వర్టర్‌కు మారితే ఆ బెడదే ఉండదు గానీ ఒక హెడ్‌ఫోన్ కోసం ఇన్వర్టర్ మార్చమని ఎవరికీ చెప్పను. ఆంప్‌కు సొంత అడాప్టర్ ఉండి, దానికే స్పీకర్లు కూడా తగిలిస్తే అప్పుడు వేరే రకం హమ్, అంటే గ్రౌండ్ లూప్ వస్తుంది. దానికి ల్యాప్‌టాప్‌కు, డాక్‌కు మధ్య నేరు విద్యుత్ సంబంధాన్ని తెంచే యూఎస్‌బీ ఐసొలేటర్ పనిచేస్తుంది. అయితే చవకగా దొరికే ఏడీయూఎం4160 చిప్పు రకం సెకనుకు 12 మెగాబిట్లకే పరిమితం. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వరకు పనిచేసే పాత ప్రమాణపు డాక్‌లతోనే సరిపడుతుంది. దుకాణదారు చెప్పిన 768 దానితో కదలనే కదలదు.

కాకినాడ శ్రోత:
తెలుగు రాష్ట్రాల బయటి నుంచి ఒక వాడిన పరికరం దొరికింది. డాక్, ఆంప్ రెండూ ఒకే పెట్టెలో ఉన్నవి, 300 ఓంల వద్ద నాలుగు వోల్ట్‌లకు పైగా ఇస్తుందని వివరాల్లో స్పష్టంగా రాశారు, అడాప్టర్ 230 వోల్ట్‌లకు పనిచేసేదే. మౌస్ కీచు పూర్తిగా పోయింది. కచేరీలో నాబ్ రెండు గంటల స్థానం దగ్గర చాలుతోంది, మృదంగం చాపు వెనక తంబుర శ్రుతి విడిగా వినపడుతోంది. ఒకే సందేహం మిగిలింది. మా చెల్లెలు తన పదహారు ఓంల ఇయర్‌ఫోన్ దీనికే తగిలిస్తే పాట లేనప్పుడు కూడా బుస వస్తోంది, నాబ్ కొంచెం తిప్పగానే ఎడమ వైపు ధ్వని ఎక్కువగా ఉంటోంది. పరికరంలో లోపమా?

కోఠి సోల్డరు:
వెనక్కి పంపకండి, చాలావరకు అది లోపం కాదు. ముందో వెనకో గెయిన్ మీట, అంటే సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలో నిర్ణయించేది ఉంటుంది, ఇప్పుడది హైలో ఉన్నట్టుంది. మీ హెడ్‌ఫోన్‌కు హై, ఆమె ఇయర్‌ఫోన్‌కు లో పెట్టాలి. గెయిన్ తగ్గితే బుసా తగ్గుతుంది. ఎడమ వైపు మొగ్గు నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్ తత్వం. తిప్పుడు మొదట్లో రెండు వైపులూ సరిగ్గా సమానంగా ఉండవు, కాస్త పైకి వెళ్తే కలుస్తాయి. లోలో పెట్టినా నాబ్ తొమ్మిది గంటల దగ్గరే చాలిపోతుంటే, ఆమె వింటున్నప్పుడు మాత్రం విండోస్ వాల్యూమ్‌ను ముప్పై నలభైకి దించి నాబ్‌ను మధ్యకు తెచ్చుకోమనండి. 24 బిట్ డాక్‌లో ఆ మాత్రం దించినందువల్ల ఏమీ పోదు. మీరు మళ్లీ కూర్చునేటప్పుడు ముందు నాబ్ దించి, ఆ తర్వాతే విండోస్ వాల్యూమ్ నూరుకు, గెయిన్ హైకి మార్చండి.